చమురును కడిగిన క్షారము

వంటింటి గ్యాసు సిలిండరు గొట్టము కొంచెము వదులైనచో ఇంటిల్లిపాదికిని క్షణములో తెలిసిపోవును. కుళ్ళిన ఉల్లిపాయను తలపించు ఆ దుర్వాసన నిజమునకు గ్యాసుది కాదు. ప్రొపేను, బ్యూటేను అను ఆ వాయువులకు చెప్పుకోదగిన వాసన లేదు. గ్యాసు కారినపుడు జనులు పసికట్టవలెనని ఇథైల్ మెర్కాప్టాన్ అను ద్రవమును అందులో అతి స్వల్పముగా కలుపుదురు. గాలిలో నూరుకోట్ల పాళ్ళకు ఒక పాలు ఉన్నను చాలును, మానవుని ముక్కు దానిని గుర్తించగలదు.

వింత యేమనగా, ఇదే జాతి పదార్థములు ముడిచమురులో సహజముగానే ఉన్నవి. వంటగ్యాసు నుండియు, పెట్రోలు నుండియు, విమానములలో వాడు కిరసనాయిలు నుండియు వాటిని తొలగించుటకై చమురు శుద్ధి కర్మాగారములు ఎంతో శ్రమపడుచున్నవి. అంత శ్రమపడి తీసివేసిన పిమ్మటనే, వంటగ్యాసులో మాత్రము కొలతవేసి మరల కొంచెము కలుపుదురు. ఈ తొలగింపునకు మొదటి నుండియు వాడుకలోనున్న సాధనము కాస్టిక్ సోడా, అనగా సోడియం హైడ్రాక్సైడు ద్రావణము. చమురును క్షారముతో కడుగుట పైకి బట్టలుతుకుట వంటి సులువైన పనిగనే కనిపించును. కడిగిన నీటిని ఏమి చేయవలెనను ప్రశ్న వచ్చినపుడే అసలు చిక్కు బయటపడును.

విశాఖపట్నములో 1957లో కాల్టెక్సు సంస్థ ప్రారంభించిన కర్మాగారము నేడు హిందుస్థాన్ పెట్రోలియం వారిది. అచటనైనను, మరే శుద్ధి కర్మాగారములోనైనను, ముడిచమురును మొదట వేడిచేసి ఎత్తైన స్వేదన స్తంభములోనికి పంపుదురు. తక్కువ వేడికి మరుగు భాగములు పైనను, ఎక్కువ వేడికి మరుగునవి క్రిందను విడిపడును. గ్యాసు, నాఫ్తా, కిరసనాయిలు, డీజెలు ఈ వరుసలో వచ్చును. స్వేదనము ద్రవములను మరుగు స్థానమును బట్టి వేరుచేయునే కాని, వాటిలోని గంధకమును వేరుచేయదు. గంధకపు సంయోగ పదార్థములు కూడ తమ తమ మరుగు స్థానములను బట్టి ఆయా భాగములలో సర్దుకొని కూర్చుండును. 6 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగు మిథైల్ మెర్కాప్టాన్ గ్యాసు భాగములోనికి వచ్చును. 35 డిగ్రీల వద్ద మరుగు ఇథైల్ మెర్కాప్టాన్ తేలిక నాఫ్తాలో చేరును. అంతకంటె బరువైనవి కిరసనాయిలులో దిగును.

గంధకము తక్కువగానున్న ముడిచమురును చమురు వ్యాపారులు 'తీపి' చమురనియు, ఎక్కువగానున్నదానిని 'పులుపు' చమురనియు వ్యవహరింతురు. రుచులతో ముడిపడిన ఈ పేర్లు రసాయన శాస్త్రమునకు కూడ కొంత అతికినట్లే యున్నవి. ఏలయనగా దుర్వాసన గల గంధక పదార్థములలో ముఖ్యమైనవి, హైడ్రొజన్ సల్ఫైడును మెర్కాప్టానులును, నిజముగా ఆమ్లములే. అవి బలమైన ఆమ్లములు కావు. కాని క్షారముతో కలిసి లవణమగుటకు చాలినంత ఆమ్లగుణము వాటికి కలదు. చమురు శుద్ధి అంతయు ఈ చిన్న గుణముపైననే ఆధారపడియున్నది.

తెలుగువారి వంటింటిలో దీనికి సరిగా తలక్రిందులైన ఉదాహరణ మొకటి కలదు. చేపలను కడుగునపుడు ఉప్పుతో రుద్ది, చింతపండు రసముతోనో, నిమ్మరసముతోనో, పుల్లని మజ్జిగతోనో మరల కడుగుదురు. నీచు వాసనకు కారణమైన ఎమీనులు క్షారగుణము కలవి. చింతపండులోని ఆమ్లము వాటిని లవణములుగా మార్చును. లవణమునకు ఎగిరిపోవు గుణము లేదు; ఎగరనిది ముక్కును చేరదు; పైగా నీటిలో కరిగి కొట్టుకొనిపోవును. చేపలో వాసన క్షారమువలన, విరుగుడు ఆమ్లము. చమురులో వాసన ఆమ్లమువలన, విరుగుడు క్షారము.

మెర్కాప్టానుకు ఈ ఆమ్లగుణ మెట్లు వచ్చినది? సారాలోని ఇథైల్ ఆల్కహాలును తీసికొని, దానిలోని ఆమ్లజని పరమాణువునకు బదులు గంధక పరమాణువును ఉంచినచో ఇథైల్ మెర్కాప్టాన్ అగును. గంధక పరమాణువు పెద్దది; అది ఉదజనిని పట్టియుంచు పట్టు ఆమ్లజని పట్టుకంటె సడలినది. అందువలన ఉదజని అయాను సులువుగా విడివడును. ఈ ఒక్క మార్పుతో ఆమ్లగుణము లక్ష రెట్లకు పైగా హెచ్చుచున్నది. ఆల్కహాలు కాస్టిక్ సోడా నీటితో చెప్పుకోదగినంతగా లవణము కాదు, మెర్కాప్టాన్ అగును. 1830 ప్రాంతములలో డెన్మార్కు రసాయనవేత్త ట్సైజె ఈ పదార్థమును మొదట తయారుచేసి, పాదరసమును ఇట్టే పట్టుకొనుట గమనించి, 'పాదరసమును పట్టునది' అను అర్థము వచ్చు లాటిను మాటలనుండి దీనికి ఈ పేరు కూర్చెను. రాగిని, వెండిని కూడ ఇది విడువదు. ఇంధనములో ఇది మిగిలియున్నచో యంత్రములలోని రాగి, ఇత్తడి భాగములు చెడుటకు కారణ మిదియే.

కడుగు విధానము ఇట్లుండును. నూటికి 10 నుండి 20 పాళ్ళ కాస్టిక్ సోడా గల ద్రావణమును తేలిక నాఫ్తాతో గొట్టములలో బాగుగా కలియునట్లు చేసి, పెద్ద తొట్టిలో నిలువయుంచుదురు. నూనె పైకి తేలును, క్షారజలము అడుగునకు దిగును. ఆ స్వల్పకాలములో జరిగిన మార్పు ఇది:

మెర్కాప్టాన్ + కాస్టిక్ సోడా ⇌ సోడియం మెర్కాప్టైడు + నీరు

నడుమనున్న జంట బాణములను విద్యార్థులు తేలికగా చూడరాదు. ఈ చర్య రెండు వైపులకును నడచును. క్షారము పుష్కలముగా ఉన్నంతవరకు కుడివైపునకు మొగ్గును. క్షారము తగ్గినచో ఎడమకు మరలి మెర్కాప్టాన్ తిరిగి పుట్టును. వేడి ఎక్కువైనను ఎడమకే మొగ్గును. కనుక చమురును చల్లార్చిన తరువాతనే కడుగుదురు.

హైడ్రొజన్ సల్ఫైడు సంగతి వేరు. అది మెర్కాప్టాన్ కంటె బలమైన ఆమ్లము గనుక ముందుగా తానే క్షారమును తినివేయును. అందుచేత మొదట దానికొక ప్రత్యేకపు కడుగు, తరువాతనే మెర్కాప్టానులకు మరొకటి ఉండును. పెద్ద అణువులు గల మెర్కాప్టానులు ఇంకొక చిక్కు. కర్బనపు గొలుసు పొడవైనకొలది అణువు నూనెకు దగ్గర చుట్టమై, నీటిలోనికి దిగుటకు మొరాయించును. తేలిక నాఫ్తాలో చక్కగా పనిచేసిన కడుగు, కిరసనాయిలు వద్ద సగములోనే ఆగిపోవును. కిరసనాయిలులో మరొక బాధ కూడ కలదు: దానిలోని నాఫ్తీనిక్ ఆమ్లములు క్షారముతో కలిసి సబ్బులగును. సబ్బు ఉన్నచోట నూనెయు నీరును చిలికిన మజ్జిగవలె కలిసిపోయి విడివడవు. కిరసనాయిలుకు నూటికి రెండు మూడు పాళ్ళు మించని పలుచని క్షారమును వాడుట ఇందులకే.

క్షారమునకు లొంగని మెర్కాప్టానులను ఏమి చేయవలెను? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1885లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున లైమా అను ఊరివద్ద చమురు పడినది. దానిలో గంధకము మెండు. ఆ చమురునుండి తీసిన కిరసనాయిలు దీపములో కాలునపుడు ఇల్లంతయు కంపుకొట్టెడిది. కొనువారు లేక ధర పడిపోయినది. హెర్మన్ ఫ్రాష్ అను జర్మను సంతతి రసాయనవేత్త రాగి ఆక్సైడుతో ఆ గంధకమును పట్టు ఉపాయము కనిపెట్టి, ఆ చమురును అమ్ముడుపోవు సరుకుగా మార్చెను. భూగర్భమున ఉన్న గంధకమును వేడినీటితో కరిగించి పైకి తోడు పద్ధతికి కూడ ఆయన పేరే ఉన్నది. ఒకే మనిషి గంధకమును ఒకచోట తరిమివేయుటకును, మరొకచోట వెలికితీయుటకును ప్రసిద్ధుడగుట అరుదైన విషయము.

తరువాత చాలకాలము 'డాక్టరు ద్రావణము' రాజ్యమేలినది. సీసపు ఆక్సైడును కాస్టిక్ సోడాలో కరిగించి చమురుతో కలిపినచో, మెర్కాప్టాన్ సీసముతో కలిసి పసుపు రంగు పదార్థమగును. దానికి చిటికెడు గంధకపు పొడి చేర్చగా నల్లని సీసపు సల్ఫైడు అడుగునకు దిగును; మెర్కాప్టానులు రెండేసి జతకూడి డైసల్ఫైడులుగా మారి చమురులోనే మిగులును. డైసల్ఫైడునకు ఆమ్లగుణము లేదు, లోహమును కొరుకు గుణము తక్కువ, వాసన కూడ చాల తక్కువ. ఇట్లు చేయుటను 'తీపిచేయుట' అందురు. ఇందులోని కిటుకును గమనించవలెను. చమురు తీపియైనదే కాని, దానిలోని గంధకము ఒక్క చుక్కయైనను తగ్గలేదు. వేషము మాత్రము మారినది.

1958లో అమెరికాలోని యూనివర్సల్ ఆయిల్ ప్రోడక్ట్సు సంస్థ 'మెరాక్సు' అను పద్ధతిని వాడుకలోనికి తెచ్చెను. సీసము అక్కరలేదు; క్షారము, గాలి, ఒక ఉత్ప్రేరకము చాలును. ఆ ఉత్ప్రేరకము కోబాల్టు లోహమును నడుమనుంచుకొన్న థాలోసైనిన్ అను నీలవర్ణ పదార్థము. దాని అణువు కట్టడి మన రక్తములోని హీమునకు, ఆకులలోని పత్రహరితమునకు దగ్గర పోలిక గలది. నాలుగు నత్రజని పరమాణువులు చుట్టును నిలిచి నడుమనున్న లోహమును పట్టియుంచు ఆ చట్రమును ప్రకృతి ఆమ్లజనిని మోయుటకు వాడుకొన్నది. చమురు ఇంజనీర్లు గంధకమునకు వాడుకొనిరి. మెర్కాప్టైడుతో నిండిన క్షారజలములోనికి గాలిని ఊదగా, ఈ ఉత్ప్రేరకపు సాయముతో మెర్కాప్టైడు డైసల్ఫైడుగా మారును. డైసల్ఫైడు నీటిలో కరగదు కనుక నూనెవలె పైకి తేలును; దానిని తీసివేయుదురు. అడుగున మిగిలిన కాస్టిక్ సోడా తిరిగి మొదటి పనికి సిద్ధము. వంటగ్యాసు, తేలిక నాఫ్తాల విషయములో ఇది నిజముగా గంధకమును వెలికితీయు పద్ధతి. బరువైన భాగములలో మాత్రము తీపిచేయుటయే.

ఇది అంత చక్కనిదైనను నేటి పెట్రోలు, డీజెలుకు క్షారమొక్కటే చాలదు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశములో అమలులోనున్న భారత్ స్టేజి 6 ప్రమాణము ప్రకారము, కిలోగ్రాము ఇంధనములో గంధకము 10 మిల్లీగ్రాములకు మించరాదు. వేషము మార్చిన గంధకమును కూడ ఈ ప్రమాణము లెక్కించును. అందువలన ఇంధనమును 300 నుండి 400 డిగ్రీల వేడిలో, ఒత్తిడితో, కోబాల్టు మాలిబ్డినముల ఉత్ప్రేరకముపై ఉదజనితో కలిపి, గంధకమునంతటిని హైడ్రొజన్ సల్ఫైడుగా మార్చి తీసివేయుదురు. ఆ వాయువునుండి పచ్చని గంధకమును రాబట్టుదురు. అది గంధకికామ్లమై, ఎరువుల తయారీకి పోవును. ఇది ఖర్చుతో కూడిన పెద్ద యంత్రాంగము. వంటగ్యాసుకు, విమానపు కిరసనాయిలుకు, చిల్లర కడుగులకు క్షారము ఇంకను నిలిచియున్నది.

ఇపుడు కడిగిన నీటి సంగతి. మెరాక్సు పద్ధతిలో కూడ క్షారము చిరకాలము నిలువదు. సల్ఫైడు, ఫీనాలులు, నాఫ్తీనిక్ సబ్బులు క్రమముగా పేరుకొని, దానిని మార్చక తప్పదు. ఇట్లు మిగిలినది వాడిన క్షారజలము. చమురులోని చెడుగు నశించలేదు. చమురునుండి నీటిలోనికి మారినది. నీరు క్షారముగా ఉన్నంతకాలమే అది అచట బందీగా ఉండును.

దీనిని ఉపాధ్యాయులు తరగతిలో అపాయము లేకుండ చూపవచ్చును. మామూలు బట్టల సబ్బు తురుమును గోరువెచ్చని నీటిలో కరిగించవలెను. డిటర్జెంటు బిళ్ళ దీనికి పనికిరాదు. ఆ నీటిలో నిమ్మరసమో వెనిగారో కొంచెము కొంచెముగా పోయగా, తెల్లని తరకలు విరిగి పైకి తేలును. సబ్బు అనగా కొవ్వు ఆమ్లముల సోడియం లవణము. బలమైన ఆమ్లము తగిలినపుడు దుర్బలమైన కొవ్వు ఆమ్లము బయటికి నెట్టబడినది. సోడియం మెర్కాప్టైడు విషయములోను ఇదియే జరుగును. భేద మొక్కటే: కొవ్వు ఆమ్లము తరకలై నీటిపై తేలును, మెర్కాప్టాన్ ఆవిరియై గాలిలోనికి లేచును. పి.హెచ్. విలువ 10.6 వద్ద ఇథైల్ మెర్కాప్టాన్ సగము లవణముగాను సగము స్వేచ్ఛగాను ఉండును. 7కు వచ్చుసరికి దాదాపు అంతయు స్వేచ్ఛయే. హైడ్రొజన్ సల్ఫైడు కూడ అచట సగము విడుదలయగును. వాననీరు పదింతలు కలిసిన ప్రతిసారియు క్షారపు పి.హెచ్. సుమారు ఒక అంకె దిగును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దానిని ఇంకను దింపును. కుళ్ళుచున్న చెత్తలో పుట్టు ఆమ్లముల సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి వాడిన క్షారజలమును ఆరుబయట పారబోయుట అనగా సీసా మూతను నెమ్మదిగా తీయుటయే.

2006లో ఈ మూత ఒక మహానగరము మీద తీయబడినది. మెక్సికోలోని ఒక శుద్ధి కర్మాగారము, బరువైన చమురు మడ్డిని తీవ్రమైన వేడితో విరుగగొట్టగా వచ్చిన కోకరు నాఫ్తాను అమ్మినది. గంధకము మెండుగా ఉన్నందున ఆ సరుకు చౌక. కొన్నది ట్రాఫిగురా అను చమురు వ్యాపార సంస్థ. దానిని కొంతవరకు శుద్ధిచేసి అమ్మినచో లాభము. భూమిమీది కర్మాగారములో చేయవలసిన క్షారపు కడుగును, ఆ సంస్థ అద్దెకు తీసికొన్న 'ప్రోబో కోవాలా' అను ఓడలోనే, జిబ్రాల్టరు సమీపమున నిలిపి చేసిరి. వాడిన క్షారమును తిరిగి తేర్చు యంత్రాంగము ఓడలో లేదు. అడుగున సుమారు 500 ఘనమీటర్ల వ్యర్థము మిగిలినది.

జూలై మొదటి వారమున ఓడ ఆమ్‌స్టర్‌డాము చేరినది. ఓడను కడిగిన మామూలు నీటివలె దీనిని దించుకొనుటకు అచటి సంస్థ ఘనమీటరుకు 27 యూరోలు అడిగెను. కొంత దించగానే చుట్టుపట్ల కంపు భరింపరానిదైనది. పరీక్షించిన పిమ్మట ధర ఘనమీటరుకు 1,000 యూరోల వరకు పెరిగినది. ఓడవారు ఒప్పుకొనక, దించినదానిని తిరిగి ఎక్కించుకొని వెడలిరి. ఎస్టోనియా, నైజీరియా రేవులను దాటి, ఆగస్టు 19న ఓడ ఐవరీ కోస్టులోని అబిజాన్ నగరమును చేరెను. అచట కొత్తగా వెలసిన ఒక గుత్తసంస్థ ఆ వ్యర్థమును ట్యాంకరు లారీలలో తీసికొనిపోయి, అకువేదో చెత్తదిబ్బ మీదను, నగరము చుట్టును అనేక చోట్లను ఆ రాత్రియే పారబోసినది. 27కును 1,000కిని నడుమనున్న తేడా ఆ నగరవాసుల ఊపిరితిత్తులమీద పడినదనుట అతిశయోక్తి కాదు.

తలనొప్పి, వాంతులు, ముక్కు వెంట రక్తము, ఊపిరాడమి అను బాధలతో లక్షమందికి పైగా వైద్యశాలలకు వచ్చిరి. పదిహేనుమంది వరకు మరణించిరని ఆ దేశపు అధికారులు ప్రకటించిరి. మరణములకు ఆ వ్యర్థము కారణము కాదని సంస్థ వాదించినది. బాధ్యతను అంగీకరింపకయే 2007లో ఐవరీ కోస్టు ప్రభుత్వమునకు సుమారు 9,500 కోట్ల సి.ఎఫ్.ఎ. ఫ్రాంకులును, 2009లో ఇంగ్లండులో దావావేసిన సుమారు 30,000 మందికి 3 కోట్ల పౌండ్లును చెల్లించుటకు ఒప్పుకొన్నది. సరుకు ప్రమాదకర స్వభావమును ఆమ్‌స్టర్‌డాములో దాచినందుకును, వ్యర్థమును అక్రమముగా ఎగుమతి చేసినందుకును 2010లో డచ్చి న్యాయస్థానము ఆ సంస్థకు 10 లక్షల యూరోల జరిమానా విధించెను. ప్రజల హక్కులను కాపాడలేదని 2023లో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానము ఐవరీ కోస్టు ప్రభుత్వమును తప్పుపట్టినది. న్యాయస్థానములలో వాదములు ఎట్లున్నను, రసాయన శాస్త్రములో వాదమునకు తావులేదు. ఓడ అడుగున క్షారముచే బంధింపబడియున్నది చెత్తదిబ్బ మీద విడిపడక మానదు.

ఓడలు సముద్రముమీద ప్రయాణించుచుండగా సరుకుపై ఇట్టి రసాయన చర్యలు జరుపుటను అంతర్జాతీయ నౌకా నియమములు 2014 జనవరి 1 నుండి నిషేధించినవి. రేవులో లంగరు వేసిన ఓడ మాట వేరుగనే ఉన్నది. జిబ్రాల్టరు వద్ద కడుగు జరిగినది అట్లు నిలిపిన ఓడలోనే.

వాడిన క్షారజలమును సరిగా వదిలించుకొనుటకు మార్గములు లేకపోలేదు. కిరసనాయిలు కడిగిన నీటికి మూసియున్న పాత్రలో ఆమ్లము చేర్చినచో నాఫ్తీనిక్ ఆమ్లములు విడివడును. రాగితో కలిసినపుడు అవి కొయ్యకు చెదపట్టకుండ పూయు మందగును, కోబాల్టుతో కలిసినపుడు రంగులు త్వరగా ఆరుటకు పనికివచ్చును. అట్టి పాత్రలనుండి వెలువడు వాయువులను బయటికి విడువక కాల్చివేయుదురు. సల్ఫైడు నిండిన నీటికి వేరొక చికిత్స. దానిని బలమైన ఉక్కు పాత్రలో సుమారు 200 డిగ్రీలకు వేడిచేసి, మరగకుండ ఒత్తిడిలో ఉంచి, గాలిని పంపుదురు. తడిలోనే జరుగు ఈ దహనమున సల్ఫైడు సల్ఫేటుగా మారును. సల్ఫేటు బలమైన ఆమ్లపు లవణము. ఎంత నిమ్మరసము పోసినను, ఎంత వాన కురిసినను మరల వాసన కాజాలదు. మిగిలిన ఉప్పునీటిని పలుచచేసి సూక్ష్మజీవుల తొట్లలోనికి పంపగా, అందులోని కర్బన పదార్థములను అవి నెమ్మదిగా తిని పూర్తిచేయును.